క్లచ్ మీద పసుపు

ఇనుముకి పసుపు పూస్తే కొన్నాళ్ళకి అది నల్లబడి, తుప్పుతో కలిసి, ఏది పసుపో ఏది తుప్పో తెలియని ఒక రంగుకి వస్తుంది. మొన్న ఇక్కడ మలేషియాలో సుంగై సుమున్ దగ్గర అమ్మోరి గుడిలో ఆ రంగు చూశాను. దండం పెట్టడానికి వెళ్ళలేదు. చుట్టాలమ్మాయి పెళ్ళి గుడి పక్కనున్న హాల్లో జరిగింది. భోజనాల దగ్గర ఊపిరాడక బయటికి వచ్చి గోడ వెంట నడుస్తుంటే, ఒక మూల రేకు పందిరి కింద, సిమెంటు అరుగు మీద పాత స్కూటరు కనిపించింది. దాని మెడలో పూలదండ. ఎడమ చేతి వైపు క్లచ్ లీవరుకి మాత్రం పొరలు పొరలుగా పసుపూ కుంకుమా.

ముందు కాళ్ళు పెట్టుకునే చోట ఒక సొట్ట ఉంది. ఆ సొట్టలో నా ఎడమ మడమ ఆనించి నేను కొన్నేళ్ళు బడికి వెళ్ళాను. అది మా చిన్నాన్న స్కూటరు.

గుడి పేరున్న చొక్కా వేసుకున్న పదిహేనేళ్ళ పిల్ల ఒకతె నా పక్కకి వచ్చి, వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటలే సగం తెలుగులో సగం అరవంలో, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా, నాకూ చెప్పింది.

"ఒక మాస్టర్ అమ్మోర్ని తిట్టినాడంట ఆంటీ. సెయ్యి పడిపోయింది. మళ్ళీ అమ్మోరే ఇచ్చినాది. సెయ్యి నొప్పి ఉన్నోళ్ళు ఇది పట్టుకుంటే మంచిది. మీరూ పట్టుకోండి లా."

గోడ మీద బోర్డులోనూ అదే రాసి ఉంది. ఆ మాస్టారి చేతిని ఏ అమ్మోరూ తియ్యలేదు, ఏ అమ్మోరూ ఇవ్వలేదు. మహిమలు ఎలా పుడతాయో నేను పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. ఇదొకటి పుట్టడం, పాకడం, నడవడం నా కళ్ళతో చూశాను. ఇప్పుడది పెద్దదై అరుగెక్కి కూర్చుంది.

* * *

మేము బజారులో ఒక తౌకే, అంటే చీనా షావుకారు, సామాన్ల కొట్టు వెనక గదిలో ఉండేవాళ్ళం. నేను, అమ్మ, చిన్నాన్న, మామ్మ. మామ్మంటే మా నాన్నకీ చిన్నాన్నకీ తల్లి. ఆ గదికి మూడు వాసనలు. కొట్లోంచి ఎండు రొయ్యలూ కిరసనాయిలూ, నది వైపు నుంచి కొబ్బరి కాల్చే పొగ. అమ్మ ఆ కొబ్బరి కొట్టంలోనే చిప్పలు ఎత్తి ఆరబెట్టే పని చేసేది. ఆమె కొంగులో ముఖం దాచుకుంటే తియ్యటి పొగ వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా కొబ్బరి మాడితే నాకు అమ్మ గుర్తొస్తుంది. నాన్న గుర్తు రాడు. గుర్తు రావడానికి నా దగ్గర ఏమీ లేదు.

నేను చంకలో పిల్లగా ఉన్నప్పుడు జపానువాళ్ళు కొబ్బరితోటలోంచి మగవాళ్ళని లారీ ఎక్కించి సయాం తీసుకుపోయారు, అడవిలో రైలుదారి వెయ్యడానికి. నాన్ననీ చిన్నాన్ననీ ఒకే లారీలో. యుద్ధం అయిపోయాక చిన్నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఎడమ ముంజేతికి వెదురు ముల్లు గీసుకుని, అది పుండై, మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా కండ తినేసిందట. శిబిరంలో ఎవరో చెంచాతో గీకి కుళ్ళు తీశారట. గాయం మానింది కానీ లోపలి నరాలు మిగల్లేదు. మణికట్టు తిరిగేది, వేళ్ళు మాత్రం సగమే మూసుకునేవి. మచ్చ ఎండిన జామాకులా ఉండేది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే దాని ఈనెల మీద వేలితో నడిచేదాన్ని.

అడిగితే చెప్పేవాడు చిన్నాన్న. దాచేవాడు కాదు. కలరా పాకలో నాన్న ఎలా పోయాడో, తాను ఒక్క చేత్తో మట్టి ఎలా తీశాడో అన్నీ చెప్పేవాడు. కథ కలరా పాక దగ్గరికి వచ్చేసరికి మామ్మ గిన్నెలు తోమడానికి లేచి వెళ్ళేది. పాపం, ఆమెకి పని ఎక్కువ అనుకునేదాన్ని. పక్కింటి చీనావాళ్ళు వెదురు మొలకల కూర వండిన రోజు మాత్రం చిన్నాన్న అన్నం ముట్టకుండా నది గట్టుకి వెళ్ళిపోయేవాడు.

ఆయన మనిషి సన్నం, గొంతు పెద్దది. కొబ్బరితోట లోపలి డివిజన్లో, అంటే తోటలో విడిగా ఉన్న కూలీల వాడలో, పిల్లలకి తెలుగు బడి నడిపేవాడు. సెలవు రోజుల్లో తోట తోటకీ తిరిగి కల్లు మానమనీ, అమ్మోరి పేరు చెప్పి జీవాల్ని కొయ్యొద్దనీ సభల్లో మాట్లాడేవాడు. ఎదుటివాడి మాట పూర్తిగా విని, దాన్ని అతని కంటే బాగా తానే ఒకసారి చెప్పి, అప్పుడు ఖండించేవాడు. వాదన అలా చెయ్యాలని నాకు నేర్పింది ఆయనే. ఆ విద్య నాకు శత్రువుల్ని చాలామందిని సంపాదించిపెట్టింది. వాళ్ళ విషయంలో నాకు విచారం లేదు.

ఒక ఏడు ఆయన మాట విని తోటలో జనం అమ్మోరి పండక్కి మేకని కొయ్యకుండా వదిలేశారు. పెద్ద కంగాణికి అది తల తీసేసినట్టయింది. కంగాణంటే కూలీల మీద మేస్త్రీ, ఆ తోటలో అమ్మోరి గుడికి పూజారి కూడా ఆయనే. పొద్దున్న హాజరు వేసే నోటితోనే సాయంత్రం పూనకం వచ్చి మాట్లాడేవాడు. రెండు నోళ్ళూ తోట నడిపే తెల్లదొరకి అనుకూలంగానే మాట్లాడడం విచిత్రం.

* * *

తర్వాత తెల్లవాళ్ళ సర్కారు ఎమర్జెన్సీ పెట్టింది. అడవిలో దాగి తెల్లవాళ్ళతో పోరాడుతున్న కమ్యూనిస్టులకి కూలీలు అన్నం అందిస్తున్నారని, చుట్టుపక్కల చిన్న డివిజన్ల వాళ్ళందర్నీ తట్టాబుట్టాతో తెచ్చి ఒకచోట పెట్టి చుట్టూ ముళ్ళకంచె వేశారు. కంచెకి ఒకటే గేటు. పొద్దున్న తెరిచేవారు, చీకటి పడకముందే మూసేవారు. గేటు దాటి బియ్యం గింజ బయటికి పోకూడదు. కొట్లో డబ్బా పాలు అమ్మితే, దాచి అడవికి పంపకుండా అక్కడికక్కడే డబ్బాకి చిల్లు పొడిచి ఇచ్చేవారు. పెద్దవాళ్ళకి అది అవమానం. నాకు మాత్రం పండగ. మామ్మకి కాఫీలోకని డబ్బా తెచ్చే దారంతా ఆ చిల్లుకి నోరు ఆనించి పీల్చేదాన్ని. డబ్బా తేలికైపోయిందేమని మామ్మ అడిగితే సర్కారు తాగేసిందనేదాన్ని.

సభల్లో మాట్లాడే మనిషిని రాత్రిపూట కంచె లోపల ఉండనిచ్చేది లేదని దొర చెప్పేశాడు. చిన్నాన్న బజారు నుంచే రావాలి. గేటు తెరిచే వేళకి లోపల ఉండాలి, మూసే వేళకి బయట ఉండాలి. అలా కుదిరితే బడి ఉంటుంది. కుదరకపోతే పిల్లల్ని పెద్ద డివిజన్లో అరవ బడిలో వేస్తారు. బజారు నుంచి అక్కడికి బస్సు లేదు. వానాకాలం బురదలో సైకిలు మీద ఒంటిచేత్తో వెళ్ళి చిన్నాన్న తరచూ ఆలస్యమయ్యేవాడు. దొర చూస్తూ ఉన్నాడు.

అప్పుడే తోట ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెసరు క్లాంగుకి బదిలీ అయి వెళ్ళిపోతూ తన పాత స్కూటరు చిన్నాన్నకి ఇచ్చేశాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ సంబరం స్కూటరు మొదటిసారి స్టార్టు చేసేదాకానే. గేరు మార్చాలంటే ఎడమ చేత్తో క్లచ్ నొక్కిపట్టి ఆ పిడిని మొత్తంగా తిప్పాలి. తిప్పడం చిన్నాన్నకి వచ్చు, మణికట్టు బాగానే ఉంది. నొక్కడమే రాదు. వేళ్ళు లీవరు మీద పడుకునేవి తప్ప అది కదిలేది కాదు.

మొదట ఆయన ఇత్తడి గొట్టం ముక్క ఒకటి లీవరు చివరికి తొడిగాడు. లీవరు పొడుగైతే బలం తక్కువ పడుతుందని లెక్క. కొంచెం వంగింది. కానీ ఆ గొట్టంలో బియ్యం తీసుకుపోతున్నాడేమోనని గేటు దగ్గర పోలీసు కుర్రాడు రోజూ ఇనుప పుల్ల పెట్టి పొడిచేవాడు. అలా పొడిచి పొడిచి గొట్టం వదులై ఒకనాడు బురదలో ఎక్కడో పడిపోయింది.

మామ్మ తన వైద్యం తాను చేసింది. అమ్మోరి దగ్గర వెలిగించిన దీపం నూనెలో పసుపు కలిపి, గిన్నెలో తెచ్చి పట్టపగలు మా అందరి ముందే క్లచ్ తీగ తొడుగులోకి పోసింది. "ఏటయిపోతాది? నూనే కదరా" అంది. రెండు రోజుల్లో కొబ్బరినూనె జిగురు కట్టి, పసుపు ఇసకలా అడ్డం పడి, తీగ ముందుకీ వెనక్కీ కదలడం మానేసింది. చేతులు బాగున్న నేను రెండు చేతులా లాగినా రాలేదు. చిన్నాన్న తిట్టలేదు. తీగ ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టి కడిగాడు. పసుపు నీళ్ళు కాలవలోకి పోతుంటే మామ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది, బిడ్డకి స్నానం చేయించిన నీళ్ళు పారబోసినట్టు.

తీగ మళ్ళీ వేసి, ఇంజిను నూనె పట్టించాక మొదటికంటే నయమైంది కానీ చాల్లేదు. ఆ వారంలోనే బడిలో మాకు బలాల గురించి పాఠం చెప్పాల్సి వచ్చింది. చిన్నాన్న నన్నూ, తరగతిలో అందరికంటే బలమైన పిల్లవాణ్ణీ పిలిచి బడి తలుపుకి చెరోవైపు నిలబెట్టాడు. వాణ్ణి బందు దగ్గర, నన్ను అంచు దగ్గర నెట్టమన్నాడు. నేను గెలిచాను. వాడు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి ఉక్రోషంతో తలుపుని తన్నాడు. మేము నవ్వుతున్నాం, చిన్నాన్న మాత్రం నవ్వడం ఆపి తలుపు వైపే చూస్తూ నిలబడిపోయాడు. బడి వదలగానే స్కూటరు పక్కన నేల మీద పడుకుని ఇంజిను కింద చెయ్యి పెట్టాడు. క్లచ్ తీగ అవతలి కొస అక్కడ ఒక చిన్న ఇనుప ముక్కకి తగిలించి ఉంటుంది. తీగ లాగితే ఆ ముక్క తిరిగి లోపల క్లచ్‌ని వదులు చేస్తుంది. బొటనవేలంత ముక్క. దాని మీద లాగడమంటే తలుపుని బందు దగ్గర నెట్టడమే.

పక్క ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో పడవ ఇంజిన్లు బాగుచేసే షెడ్డుకి వెళ్ళి ఆ ముక్కకి బదులు పొడుగాటి ముక్క ఒకటి చేయించుకుని వచ్చాడు. ఆశకొద్దీ మరీ పొడుగు పెట్టించాడు. మర్నాడు క్లచ్ వెన్నలా వంగింది. నేను ముందు నిలబడి, చిన్నాన్న వెనక కూర్చుని, పాటలు పాడుకుంటూ వెళ్ళాం. గేటు దగ్గర పోలీసు కుర్రాడు ఆగమని చెయ్యెత్తాడు. చిన్నాన్న క్లచ్ పూర్తిగా నొక్కాడు. స్కూటరు ఆగలేదు. ముక్క పొడుగైతే తీగ ఎక్కువ దూరం లాగాలి. లీవరు అంత దూరం లాగలేదు, క్లచ్ సగమే వదిలింది. బండి నత్తలా గేటు మీదికి పాకుతూనే ఉంది. ఆ కుర్రాడు కేకపెట్టి తుపాకీ ఎత్తాడు. దాని నోరు నాకు ఎదురుగా, నా ఎత్తులోనే ఉంది. చిన్నాన్న చేతి బ్రేకూ కాలి బ్రేకూ ఒక్కసారే వేసి ఇంజిను చంపేశాడు. నేను ఎగిరి పడబోయి మడమతో తన్ని నిలదొక్కుకున్నాను. ఆ సొట్ట అప్పటిది.

ఆ సాయంత్రం ముక్కని ఆకురాయితో అరగదీసి, రంధ్రం కొంచెం లోపలికి జరిపి, తీగలో వదులు తీసేశాడు. మళ్ళీ చూశాడు, మళ్ళీ జరిపాడు. వారం పట్టింది. చివరికి బండి ఆగింది, వేళ్ళూ మూసుకున్నాయి. గేటు తెరిచే వేళకి మేమే ముందున్నాం. దొర తన బంగళా అరుగు మీంచి చూసి లోపలికి పోయాడు. బడి నిలబడింది.

* * *

ఇక్కడితో కథ ఆగితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఆ వారంలోనే మామ్మ కొబ్బరి లారీ ఎక్కి తోటకి వెళ్ళి, మాకెవరికీ చెప్పకుండా, కంగాణి చేత అమ్మోరికి కోడిని కోయించింది. కొడుకు చేతికోసం మొక్కు. మాకు ఆ సంగతి బడిలోనే తెలిసింది. లెక్కల మధ్యలో ఒక చిన్నపిల్ల లేచి, "మాస్టారూ, అమ్మోరు మీ సెయ్యి తిరిగిచ్చేసినాదంట గదా" అంది. చిన్నాన్న సుద్దముక్క కింద పెట్టి బయటికి వెళ్ళి చూశాడు. చెట్టు కింద పెట్టిన స్కూటరు క్లచ్ లీవరుకి తడి ఆరని పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

మహిమ పుట్టడానికి పాత జ్ఞాపకాలు లేని జనం కావాలి. ఆ జనాన్ని ఎమర్జెన్సీయే తెచ్చిపెట్టింది. కంచెలోకి కొత్తగా తరలించిన వాళ్ళు చిన్నాన్న సయాం నుంచి ఎలా వచ్చాడో చూడనివాళ్ళు. మేక బలి ఆపించిన మాస్టారని మాత్రం విన్నారు. చెయ్యి చూశారు. కంగాణి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు, అంతే. అబద్ధం ఆడే కష్టం కూడా ఆయనకి పడలేదు. "మేకని ఆపినాడు. సెయ్యి సూడండి" అనేవాడు. కోడి కోశాక, "సూడండి ఇప్పుడు" అనేవాడు. పాతవాళ్ళకి నిజం తెలుసు. కానీ కంగాణి పొద్దున్న పని పంచుతాడు. ఎండలో పనా నీడలో పనా అన్నది ఆయన చేతిలో ఉంది. నిజం చెప్పినందుకు ఎవరికీ నీడ దొరకదు.

మరుసటి పండక్కి మేకలు తిరిగొచ్చాయి. ఒకటి కాదు, వరస కట్టి వచ్చాయి. చిన్నాన్న తిండి తగ్గించాడు. మేకల కోసం కాదని నాకు తర్వాత అర్థమైంది. ఒకరాత్రి అన్నం దగ్గర అమ్మతో అన్నాడు: "ఈ చెయ్యి అమ్మోరు తీసిందని వాళ్ళంటే నాకు నవ్వొస్తుంది వదినా. కానీ ఈ చెయ్యి సయాంలో పోలేదంటే అన్నయ్య కూడా సయాంలో పోలేదు. వాడితో పోయిన వాళ్ళెవ్వరూ పోలేదు. వాళ్ళకి సమాధి లేదు, రాయి లేదు. ఇది ఒక్కటే గుర్తు." అని మచ్చ ఉన్న చెయ్యి విస్తరి పక్కన పెట్టాడు. అమ్మ పులుసు వడ్డించింది. మామ్మ గిన్నెలు తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళింది.

* * *

మెర్డెకా వచ్చింది, అంటే దేశానికి స్వాతంత్ర్యం. ఆ రోజు తోటలో గేటు పొద్దంతా తెరిచే ఉంచారు. మైదానంలో కాగితం జెండాలు, పిల్లలకి పరుగు పందాలు, డ్రమ్ముల్లో ఎర్ర షర్బత్తు. దొర మలయు భాషలో వచ్చీరాని నాలుగు ముక్కలు చెప్పి చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మాస్టారు మాట్లాడతాడన్నారు. చిన్నాన్న స్కూటరు తోసుకుంటూ జనం మధ్యకి వచ్చాడు. మామ్మా అమ్మా ముందు వరసలో కూర్చున్నారు. నేను పనిముట్ల సంచీ పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను.

స్వరాజ్యమంటే కళ్ళు తెరిచి చూడడమని మొదలుపెట్టాడు. ఆ పొడుగు ముక్క విప్పి పాత పొట్టి ముక్క బిగించాడు. వేళ్ళు లీవరు మీద వేసి నొక్కాడు. కదల్లేదు. నుదుట చెమట పట్టింది, ఆయన ఆ ఓటమిని అందరికీ తీరిగ్గా చూపించాడు. కొబ్బరికాయలు ఒలిచే బలమైన మనిషిని పిలిచి నొక్కమన్నాడు. అతను నొక్కాడు. తర్వాత పొట్టి ముక్క తీసి, పొడుగుది బిగించి, తన వేళ్ళతోనే నొక్కాడు. లీవరు నెమ్మదిగా పిడికి ఆనింది. నన్ను పిలిచాడు, నేను రెండు వేళ్ళతో నొక్కాను.

"మీ ముందే విప్పాను, మీ ముందే బిగించాను. ఇందులో అమ్మోరెక్కడుంది?" అన్నాడు.

ముందు వరసలవాళ్ళు మెడలు చాచి ఇంజిను కిందికి చూశారు. గెలిచామనుకున్నాను. అప్పుడు ఒక ముసలమ్మ లేచి, నడుం పట్టుకుని వంగి, ఇంజిను కింద ఆ ముక్కకేసి చూసి చేతులు జోడించింది.

"ఇక్కడున్నాది తల్లి. తీసేస్తే ఎల్లిపోయింది. పెడితే ఒచ్చేసింది. మీరే సూపించినారు బాబూ."

జనం గుప్పుమని ఊపిరి వదిలారు. ఒకావిడ లెంపలు వేసుకుంది.  కంగాణికి నోరు విప్పే అవసరం కూడా రాలేదు.

చిన్నాన్న అక్కడితో ఆపేస్తే సంగతి తెగిపోయేదే. కానీ ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ అందరికీ కనబడేలా ఎత్తాడు. ఇది సయాంలో తగిలిందని, మా అన్న అక్కడే పోయాడని, ఈ తోటలోంచి ఎక్కిన లారీల్లో ఎవరెవరు పోయారో పాతవాళ్ళందరికీ తెలుసని చెప్పాడు. పాతవాళ్ళు నేల చూశారు. అప్పుడు ఆయన తన తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు చెప్పు. నేను సయాం నుంచి ఏ చేత్తో ఇంటికొచ్చాను?"

మామ్మ లేచి నిలబడింది. కొడుకుని చూసింది. మచ్చని చూసింది. అంతమందీ ఆమెనే చూస్తున్నారు.

"నాకు తెల్దు బాబూ," అంది. "నాను సూడనేదు."

అమ్మ తల వంచుకుంది. చిన్నాన్న చొక్కా చెయ్యి దించుకుని గుండీ పెట్టుకోబోయాడు. ఎడమచేతి గుండీ కుడిచేత్తో పెట్టుకోవాలి, అది ఆయనకి రోజూ సులువే. ఆ రోజు కుదర్లేదు.

ఇంటికి వచ్చాక ఆయన నా దగ్గర్నుంచి పనిముట్ల సంచీ తీసుకుని మూల పెట్టాడు. మామ్మ పొయ్యి ముట్టించింది. చివరికి ఆయనే అడిగాడు, నొచ్చుకున్నట్టు కాదు, సభలో ఎదుటివాణ్ణి అడిగినట్టే మర్యాదగా: అబద్ధం ఎందుకు చెప్పావని.

మామ్మ ఊదుగొట్టం కింద పెట్టింది.

"నీ సెయ్యి సయాంలో పోయిందంటే, నా పెద్దోడు అక్కడే పోయినట్టు," అంది. "అమ్మోరు తీసిందంటే ఆడికేటీ అవనేదు. ఎక్కడో ఉన్నాడు. దారి తెల్సినప్పుడు ఒస్తాడు. నువ్వు శానా సదువుకున్నావు నాయనా. సెప్పు, నాను ఏది నమ్మాల?"

 ఎదుటివాళ్ళ మాటని వాళ్ళకంటే బాగా చెప్పే మనిషి, ఆ మాటని మళ్ళీ ఒకసారి చెప్పలేకపోయాడు. లేచి బయటికి వెళ్ళి స్కూటరు పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన సయాం గురించి ఇంట్లో మాట్లాడలేదు. నేనడిగినా మాట మార్చేవాడు. సభలకి వెళ్ళేవాడు, కల్లు గురించి మాట్లాడేవాడు, బలుల గురించి మానేశాడు. మెత్తబడ్డాడని ఆయన స్నేహితులు ఎగతాళి చేశారు. తల్లి బతికున్నన్నాళ్ళు తన చెయ్యి ఆమెకి వదిలేశాడని వాళ్ళకి తెలియదు. దాన్ని ఆయన మంచితనమని నేననను. అది మా నాన్న రెండోసారి చావడం. మామ్మ బతికున్నంతకాలం అమ్మ బొట్టు పెట్టుకునే ఉంది. మామ్మ పోయిన తర్వాత ఒకరోజు తీసేసింది. ఆ ఆచారం నాకు అసహ్యం. కానీ మా ఇంట్లో నాన్న పోయిన సంగతి ఒప్పుకోవడానికి అమ్మ దగ్గర వేరే భాష లేదు.

మెర్డెకా తర్వాత కొన్నేళ్ళకి బడి మూసేశారు. పిల్లలు చాలడం లేదన్నారు. స్కూటరు అప్పటికీ వేళకే వెళ్తోంది. చిన్నాన్న పోయేనాటికి నేను క్లాంగులో ఉద్యోగంలో ఉన్నాను. స్కూటరు కొబ్బరి కొట్టంలో ఉండిపోయింది. అక్కణ్ణుంచి ఈ అరుగెక్కించిన వాళ్ళెవరో నేను అడగలేదు, తెలుసుకోవాలని లేదు.

* * *

పెళ్ళి చీర నలిగినా సరే అని ఆ అరుగు పక్కన ఒంగి ఇంజిను కింద చూశాను. చిన్నాన్న చేయించిన ముక్క లేదు. తుప్పు పట్టి రాలిపోయిందో, శుభ్రం చేసినప్పుడు తీసి పారేశారో. తీగ కూడా లేదు. పని చేసిన ముక్కని పారేసి, చెయ్యి ఆనిన ముక్కకి పూజ చేస్తున్నారు.

నేను లేచేసరికి ఒకావిడ లీవరు పట్టుకుని ఉంది. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి ముడుచుకుపోయిన మనిషి. కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి లీవరు మీద పెట్టుకుంది. నొక్కింది. లీవరు సులువుగా వంగింది. వంగకేం చేస్తుంది? ఆమె నావైపు తిరిగి నవ్వింది.

అరవై ఏళ్ళు రాశాను, ఇలాంటివాటి మీద. నోరు ఊరుకోదు. "లోపల తీగ లేదమ్మా," అన్నాను. "అందుకే వంగింది. ఎవరు నొక్కినా వంగుతుంది."

"తెల్సమ్మా," అంది ఆమె. "ఇంట్లో గొళ్ళెం కూడా తియ్యనేను. ఇదొక్కటే నా మాట ఇంటాది." అని మళ్ళీ నొక్కింది.

కంగాణికి నా దగ్గర జవాబు ఉంది. ఎప్పుడూ ఉంది. ఈవిడకీ మామ్మకీ లేదు. మామ్మకి చెప్పే జవాబు చిన్నాన్న దగ్గరా లేకపోయింది. కానీ ఆయన చేసినట్టు బయటికి వెళ్ళి కూర్చోవడం నాకు చేతకాలేదు. వాళ్ళు ఉంచుకోవాలనుకుంటే ఆ లీవరు ఉంచుకోనీ. బోర్డు మీద లేని మనిషి సంగతి నాకు కావాలి.

గుడి చొక్కా పిల్లని పక్కకి పిలిచాను. ఆ మాస్టరు మా చిన్నాన్న అని, ఆ చెయ్యి సయాంలో రైలుదారి పనిలో పోయిందని, మా నాన్న అక్కడే పోయాడని చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి విన్నది.

"సయాం అంటే థాయ్‌లాండా ఆంటీ? మొన్న సెలవులకి మేం హాజ్యాయ్ పోయొచ్చినాం. షాపింగ్ బాగుంటాది."

కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ పిల్ల తప్పేముంది? ఆమెకి ఎవరు చెప్పారు? చెప్పాల్సిన మనుషులు ఒక్కొక్కరే ఊరుకున్నారు. మా మామ్మ, మా చిన్నాన్న, నీడ పని కోసం నేల చూసిన పాతవాళ్ళు.

ఇకనుంచి ఎవరైనా ఈ స్కూటరు గురించి అడిగితే అమ్మోరి కథ చెప్పుకో, నాకు పని లేదు, కానీ చివర్న ఒక పేరు చెప్పమన్నాను. మా నాన్న పేరు. దాన్ని ఇక్కడ రాయను. రాస్తే మీరు చదివి పేజీ తిప్పేస్తారు. ఆ పిల్ల చేత పలికించాను. తెలుగు అక్షరాలు ఆమె నోట సరిగ్గా తిరగలేదు, ఒత్తు జారిపోయింది. మళ్ళీ అనమన్నాను. భోజనాలకి రమ్మని హాల్లోంచి ఎవరో పిలుస్తున్నారు. సరిగ్గా వచ్చేదాకా ఆమెని వదల్లేదు. చివరికి పలికింది, గట్టిగా, లీవరు పట్టుకున్నావిడ కూడా తిరిగి చూసేలా.